తాళం పెట్టెలో ఫోన్

“నంబరు మారిస్తే నేను ఈ కుర్చీల కూసోను మేడమ్. నీ కొత్త ఫోన్ నువ్వే ఎత్తుకో.”

“ఏటి నర్సమ్మ గారూ ఈ మొండితనం? రెండు వారాలుగా మన ఫోన్ సరిగ్గా మోగట్లేదు. మోగని ఫోన్‌కి ఏ నంబరుంటే ఏటి?”

“మోగకపోతే బాగుచెయ్యాలె. నంబరు ఏం జేసింది?”

“చేశాం కదా. బ్యాటరీ మార్చాం. సిమ్ తుడిచాం. సుక్మా నుంచి రిపేరు మనిషిని పిలిపించాం. అతను ముందు కూర్చున్నంతసేపూ మోగింది, అతను బస్సెక్కగానే మూగబోయింది. ఇది ఫోన్ తప్పు కాదు, ఆ కంపెనీ టవరే బాలేదు. వేరే కంపెనీ సిమ్ తెచ్చాను, కొత్త ఫోనూ తెచ్చాను. రేపు సంత. పొద్దున్నే పెట్టేస్తాను.”

“మరి మిర్చి చేలల్ల ఉన్న ఆడోళ్ల జాకెట్లకు కుట్టిన నంబరు ఎవరు మారుస్తరు? నువ్వు పోయి కుట్లు ఇప్పుతవా?”

“మేస్త్రీలకి ఫోన్ చేసి కొత్త నంబరు చెప్తాను.”

“మేస్త్రీ మీద చెప్పుకునేటందుకే గద తల్లీ ఆ నంబరు ఇచ్చింది. ఆయనకే చెప్పి పంపుతవా?”

మేడమ్ దగ్గర ఆ ఆడవాళ్ళకు తెలిసిన నంబరు లేదు. నా దగ్గర మోగే ఫోన్ లేదు. ఇద్దరం అరుచుకుని ఆయాసపడి కూర్చున్నాం. బయట మెట్ల మీద సోడి గంగమ్మ అన్నీ వింటూ ఉంది. ఆమె కూతురు కోసి చంటిపిల్లను చంకనేసుకుని మిర్చి ఏరడానికి తెలంగాణకు పోయింది. ప్రతి సంత రోజూ ఆఫీసుకు ఫోన్ చేసి తల్లితో మాట్లాడే పిల్ల. రెండు సంతలుగా ఆమె గొంతు లేదు. మేస్త్రీకి ఫోన్ చేస్తే “అందరూ మంచిగున్నరు” అని పెట్టేశాడు. గంగమ్మ ఈసారి సంతకు ముందు రోజే వచ్చి కూర్చుంది.

ఇది కొంటాలో నేను పనిచేసిన చివరి ఏడాది సంగతి. ఇప్పుడు నా కుర్చీలోకి కొత్త పిల్లలు వస్తున్నారు. వాళ్ళ కోసం రాసిపెట్టమని మా సెక్రటరీ మేడమే అడిగింది. నేను చదివింది నాలుగో తరగతి. రాసింది నేనే, తప్పులు దిద్దింది మేడమ్. నన్ను తిట్టిన చోట్లు దిద్దవద్దని చెప్పాను.

ఆ కుర్చీలో పని

మాది రెండు గదుల ఆఫీసు. పైన సిమెంటు రేకులు, ముందు నాలుగు మెట్లు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు ఏటా మిర్చి కాలంలో సరిహద్దు దాటి తెలంగాణ చేలకు కూలికి పోతారు. కూలీలను కుదిర్చే మేస్త్రీ బండిలో ఎక్కించుకుని పోతాడు. ఏ ఊరు పోతున్నారో చాలామందికి తెలియదు. వాళ్ళకు, ఇంటి దగ్గరి వాళ్ళకు మధ్య ఒక ఫోన్ ఉండాలని కొందరు పెద్దలు పెట్టిన సంఘం అది. జబ్బు చేసినా, కొట్టినా, పిల్ల తప్పిపోయినా, ఊరికే మాట్లాడాలనిపించినా, ఆ ఫోన్‌కే చేయాలి.

నన్ను ఊడ్చడానికి పెట్టుకున్నారు. ఫోన్ నా చేతికి రావడానికి చదువు కారణం కాదు, ఉల్లిపాయలు. అంతకుముందు సంతల్లో ఉల్లిపాయలు అమ్మేదాన్ని. తెలుగు ఇంటిది, హిందీ బజారుది, అడవి పల్లెల డోర్లీ, గోండీ భాషలు బేరాలాడుతూ వచ్చినవి. చదువుకున్న వాళ్ళెవరికీ ఈ నాలుగూ రావు.

అప్పటి సెక్రటరీని పెద్దసారు అనేవాళ్ళం. బడిపంతులుగా రిటైరై వచ్చిన మనిషి. మొదటి రోజు నేను ఫోన్ ఎత్తి, గొంతు సవరించుకుని, ఇది ఫలానా ఆఫీసు అని చెప్పాను. అవతల టక్కున పెట్టేశారు. మళ్ళీ మోగింది, మళ్ళీ చెప్పాను, మళ్ళీ పెట్టేశారు.

పెద్దసారు కళ్ళద్దాలు తీసి అన్నాడు. “నర్సమ్మా, ఆఫీసనకు. ఆఫీసంటే వాళ్లకు కాగితాలు, వేలిముద్రలు, తిట్లు గుర్తొస్తయి. ఏ ఊరమ్మా అని అడుగు. ఊరు చెప్పినంక మిగతాది వాళ్లే చెప్తరు.”

నాకు ఉద్యోగం నేర్పింది ఆ ఒక్క మాట. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఆ సిమ్ ఆయన పేరు మీదే ఉంది. అందుకే ఆ నంబరును వేరే కంపెనీకి మార్చుకోవడానికి కుదరలేదు. దుకాణంలో సిమ్ గలాయన వేలిముద్ర అడుగుతారు. పోయిన మనిషి వేలు ఎక్కడి నుంచి తెస్తాం?

నంబరు ఇచ్చే పద్ధతి కూడా పెద్దసారుదే. కాగితం మీద రాసి ఇస్తే చెమటకు, మిర్చి ఘాటుకు నాలుగు రోజుల్లో చిరిగిపోయేది. అందుకని చాకలి గుర్తులు వేసే సిరాతో తెల్లగుడ్డ ముక్క మీద పెద్ద పెద్ద అంకెలు రాసేదాన్ని. బయలుదేరే ముందు రోజు మెట్ల మీద కూర్చుని ఆడవాళ్ళు ఆ ముక్కను జాకెట్టు అంచు లోపల కుట్టుకునేవాళ్ళు. చదవడం రాకపోయినా ఫరవాలేదు. చేను గలవాళ్ళ ఇంట్లో ఎవరికైనా అంచు మడిచి చూపిస్తే వాళ్ళే నొక్కి ఇస్తారు. ఒకరి ముక్క చిరిగితే పక్కామె జాకెట్టులో ఉంటుంది. మేడమ్‌తో నా పోట్లాట ఆ కుట్ల గురించే.

ఫోన్ కొనేముందు

మొదట్లో మాకు తీగ ఫోన్ ఉండేది. దానికి పెద్దసారు ముచ్చటపడి చేతిలో పట్టుకుని తిరిగే రకం తెచ్చాడు. తీగ బల్ల దగ్గరే ఉంటుంది, మాట్లాడేది మాత్రం చేత్తో పట్టుకుని వసారాలోకి పోవచ్చు. నాకు ఆరోజే అనుమానం వచ్చింది. మొదటి సంతకే ఒక ముసలామె కొడుకుతో మాట్లాడుతూ మాట్లాడుతూ మెట్లు దిగి, బజారు దాటి, ఫోన్ గంపలో వేసుకుని ఇంటికి పోయింది. వచ్చే సంతకు తెచ్చి నా బల్ల మీద పెట్టి అంది:

“మీది మంచిగ లేదక్కా. వాగు కాడికి పోయేసరికి నా కొడుకు మాట ఆగిపోయింది.”

దొంగతనం కాదు అది. కొడుకు గొంతు అందులో ఉంది, కొడుకును తీసుకుపోయింది. అయినా నేను కటువుగానే మాట్లాడాను. ఇప్పుడు తలుచుకుంటే అంత కటువు అక్కర్లేదు.

తర్వాత రోడ్డు పనుల్లో తీగ తెగిపోయింది, బాగుచేసే దిక్కు లేదు. అప్పుడు సిమ్ వేసే బల్ల ఫోన్ కొన్నాం. చూడడానికి పాత ఫోన్ లాగే ఉంటుంది, వెనక చిన్న తోక లాంటి యాంటెనా ఉంటుంది, తీగ మాత్రం కరెంటుకే. చిన్న ఆఫీసుకు ఇదే సరైనది. సెల్‌ఫోన్ పెడితే ఎవరి సంచిలోకో పోతుంది. ఇది బల్లను వదిలిపోదు.

కొనేముందు నేను చూసేవి చెప్తాను. మొదట కంపెనీ. దుకాణంవాడి మాట వినవద్దు. పక్కింటి వాళ్ళవి తలా ఒక కంపెనీ సెల్‌ఫోన్ అడిగి తెచ్చి, మీ బల్ల మీదే, మీరు ఫోన్ పెట్టబోయే చోటనే, తలుపులు వేసి ఒక రోజు ఉంచండి. తెర మీద సిగ్నల్ గీతలు ఎక్కువ నిలిచిన కంపెనీ సిమ్ తీసుకోండి. మా కిటికీలో పెడితే శబరి నది అవతలి టవరు కూడా పలుకుతుంది. లోపలి గదిలో పెడితే ఏదీ పలకదు. ఒకే ఇంట్లో ఇంత తేడా ఉంటుంది.

రెండోది గంట. వెనక బోరింగు దగ్గర నీళ్ళు కొడుతూ ఉంటే వినపడాలి. దుకాణంలో మోగించి చూపించమని అడగండి, సిగ్గుపడకండి. నేను ఆ దుకాణం బయటికి వచ్చి రోడ్డు అవతల నిలబడి విన్నాను. దుకాణంవాడు నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

లోపలి బ్యాటరీ ఊడదీసి మార్చేదిగా ఉండాలి, అది మీ బజారులో దొరికేదిగా ఉండాలి. కరెంటు పోయినప్పుడే జనానికి ఫోన్ కావాల్సి వస్తుంది. బటన్లు పెద్దవిగా ఉండాలి. మిగతా సోకులు వద్దు. రంగు, పాటలు, క్యాలెండరు, వాటితో మనకేం పని.

స్పీకరు అనే బటన్ మాత్రం దాదాపు అన్నిటికీ ఉంటుంది. దాని మీద నేను గుడ్డ పట్టీ అంటించాను. ఒకసారి త్వరగా అయిపోతుందని స్పీకరు నొక్కాను. చేలో ఉన్న పిల్ల తల్లికి చెప్పాల్సిన కడుపు సంగతి, వసారాలో ఉన్న జనమంతా విన్నారు. ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. మళ్ళీ మా మెట్లెక్కలేదు. నా పనిలో నేను పోగొట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే అనుకుంటాను. ఒక్కతె అయినా పోగొట్టుకున్నట్టే.

పెట్టె

ఇక నా పెద్ద తప్పు.

నేను పిసినారిని. మా ఇంట్లో అందరూ అంటారు, నేను కాదనను. సంత రోజు ఆఫీసు నిండిపోయేది. నేను అటు తిరగగానే ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి మేనమామకో, బామ్మర్దికో చేసుకునేవాళ్ళు. మాటలు తెగేవి కావు. మేడమ్ చెప్పింది, “ఈ రిచార్జ్‌లో ఎంతసేపు మాట్లాడినా ఒకటేనమ్మా” అని. నేను నమ్మలేదు. ఎంత మాట్లాడినా ఒకటే అనే బేరం నేను సంతలో ఎక్కడా చూడలేదు. పైగా వాళ్ళు మాట్లాడుతుంటే లైను ఖాళీ ఉండదు, చేలల్లోంచి వచ్చే ఫోన్లు రావు. ఆ మాట మాత్రం న్యాయమే.

వెనకటి రోజుల్లో ఇళ్ళలో పాత ఫోన్లకు చిన్న తాళం వేసేవాళ్ళు. నాకు అది గుర్తొచ్చింది. నా పెళ్ళినాటి ఇనప ట్రంకు పెట్టె అడుగు పోయి పడి ఉంది. దాన్ని ఇనప పని చేసే లోహారు దగ్గరికి తీసుకుపోయి, మంచి రేకు వరకు కోయించి, ఫోన్ పట్టేంత పెట్టె చేయించాను. ముందు తలుపు, తలుపుకు తాళం, గంట వినపడడానికి నాలుగు చిల్లులు, కరెంటు తీగకు ఒక చిల్లు. యాంటెనా పట్టకపోతే మడిచి పెట్టాను. తాళంచెవి నా కొంగుకు. ఫోన్ మోగితే తీస్తాను, మాట అయిపోతే వేస్తాను. ఎంత మంచి పని చేశానో అని ఆరోజు నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆ వారమే గాలివాన వచ్చి ఊరంతా కరెంటు పోయింది. తర్వాత నుంచి ఫోన్ మోగడం తగ్గింది. అందరం గాలివానను తిట్టాం.

బ్యాటరీ ఊడదీసి చూస్తే ఉబ్బి ఉంది. కొత్తది వేశాం, ఇక బాగైందనుకున్నాం. ఒక జబ్బు దొరికితే అదే జబ్బు అనుకుని ఆగిపోవడం నా రెండో తప్పు. సిమ్ తీసి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాను. మేడమ్ తన సెల్ నుంచి చేస్తే మోగింది. సుక్మా నుంచి వచ్చిన మనిషి చేస్తే మోగింది. మోగకేం చేస్తుంది? చూడాలంటే పెట్టె తలుపు తీయాలి. తలుపు తీస్తే నాలుగు గీతలు. బాగుంది అని తలుపు వేసి తాళం పెట్టేదాన్ని. వేసిన తర్వాత లోపల గీతలు ఎన్ని ఉన్నాయో ఎవరు చూస్తారు? మనం చూసేటప్పుడు అది ఆరోగ్యంగా ఉండేది, చూపు తిప్పగానే జబ్బు పడేది. అప్పుడప్పుడూ నేను తలుపు వేసి తాళం పెట్టడం మరిచిన రోజున ఒకటీ అరా ఫోన్లు వచ్చేవి. దాంతో టవరే వచ్చిపోతోందని మేడమ్ అనుకుంది. ఆమెను తప్పు పట్టలేం.

గంగమ్మ అడిగిన మాట

పోట్లాట అయిపోయి ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చున్నామని చెప్పాను కదా. గంగమ్మ మెట్ల మీద నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. తెలుగులో డోర్లీ కలిపి మాట్లాడుతుంది.

“నర్సక్కా, ఒక మాట అడిగితే తిట్టవు గద?”

“నిన్నెప్పుడు తిట్టిన?”

“పోయిన సంతకు తిట్టినవ్. బోరింగు కాడ కాళ్లు కడిగిన్నని.”

“సరే, అడుగు.”

“ఫోన్‌ను పెట్టెల ఎందుకు పెట్టినవ్?”

“జనం ముట్టకుండ.”

“జనం ముట్టకుంటే సరే. మరి కోసి మాట ఎటునుంచి లోపలికి పోవాలె?”

మేడమ్ తల ఎత్తింది. నాకు కోపం వచ్చింది. “గాలిల నుంచే పోతది. చిల్లులు పెట్టిన గద.”

గంగమ్మ ఒప్పుకోలేదు. “మా ఊర్ల ఒక్క సెల్ ఉన్నది. దాన్ని ఆకుదొన్నెల పెట్టి గుట్ట మీద ఇప్పచెట్టు కొమ్మకు యాలాడదీస్తరు. కింద నిలబడి మాట్లాడాలె. కొమ్మ మీంచి చేతులకు తీస్తేనే మాట తెగుద్ది. ఒకాయన వాన పడుతదని దాని మీద ఇనప బొచ్చె బోర్లిచ్చిండు. ఆ దినమంతా మోగలె. నీది మొత్తం బొచ్చెలనే ఉన్నది.”

మేడమ్ లేచింది. తన సెల్‌ఫోన్ తెచ్చి ఆఫీసు ఫోన్ తెర కనపడేలా పెట్టెలో ఇరికించి, వీడియో తీయడం మొదలుపెట్టి, తలుపు వేసింది. కాసేపటికి తీసి చూపించింది. వీడియోలో చీకట్లో ఫోన్ చిన్న తెర వెలుగుతోంది. నాలుగు గీతలు రెండయ్యాయి, ఒకటయ్యింది, ఆ ఒకటీ పోయింది. పెట్టెను బయటికి లాగి ఫోన్ ఒక్కదాన్నే కిటికీ దగ్గర పెట్టి, తోక నిటారుగా లేపింది. గీతలన్నీ వచ్చి నిలబడ్డాయి.

రెండు సంతలు ఆ తల్లి ఎండలో మెట్ల మీద కూర్చుంది నా పెట్టె వల్ల. ఆమెకు మేమిచ్చింది మంచినీళ్ళు, “టవరు లేదమ్మా” అనే మాట. ఎంతమంది జాకెట్టు అంచులు మడిచి నంబరు నొక్కించుకుని ఊరుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

“తప్పు నాది గంగమ్మా,” అన్నాను. పనిలో ఉన్న ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అన్నది చాలా తక్కువసార్లు.

ఆమె నా వైపు కాకుండా ఫోన్ వైపు చూస్తోంది. “రేపు చేస్తదా?” అని అడిగింది.

“చేస్తదో లేదో చెప్పలేను. చేస్తే మాత్రం మోగుతది.”

సాయంత్రం మేడమ్ తన కొత్త ఫోన్‌లో పాత సిమ్ వేసి చూసింది. దాని గంట పాతదాని కంటే గట్టిగా ఉంది. అక్కడ నేను ఒప్పుకున్నాను. కొత్త ఫోన్, పాత నంబరు. కొత్త సిమ్‌ను మేడమ్ సొరుగులో వేసింది. కమిటీకి రాసిన కాగితంలో “ఫోన్ పెట్టిన చోటు మార్చడంతో సరి అయింది” అని మాత్రం రాసింది. నా పేరు, నా పెట్టె పేరు ఎక్కడా లేవు. “ఎందుకు తల్లీ దాచినవ్” అంటే, “వాళ్ళకెందుకమ్మా, మనం నేర్చుకున్నాం కదా” అంది. మేడమ్‌కు నా వయసులో సగం లేదు. కిరండూల్ లైనులో పనిచేయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే మనిషి కూతురు. ఆ తండ్రి పిల్లను బాగా పెంచాడు. అంతకుముందు ఆమె మీద నేను అన్నవి చాలా ఉన్నాయి. వాటిని ఇక్కడ రాయను.

పిల్లలూ, ఫోన్ పలకకపోతే కంపెనీని తిట్టేముందు ఒక పని చేయండి. అది చివరిసారి బాగా మోగిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ తర్వాత మీరు చేతులారా ఏం మార్చారో ఆలోచించండి. గాలి, వాన, టవరు తర్వాత. ముందు మీ చెయ్యి. ఇంకోటి, మెట్ల మీద కూర్చున్న వాళ్ళను కూడా అడగండి. ఫోన్ కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసేది వాళ్ళే, వాళ్ళ చూపు దాని మీదే ఉంటుంది.

మర్నాడు

గంగమ్మ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. పొద్దున్నే ఇద్దరం వచ్చి తలుపులు తీశాం. నేను ఊడ్చాను. ఆమె కిటికీ కింద కూర్చుంది. మేడమ్ వచ్చింది. సంత బండ్లు దిగుతున్న వేళకు ఫోన్ మోగింది.

ఎత్తాను. “ఏ ఊరమ్మా?”

“నర్సక్కా, బతికే ఉన్నవా? ఆఫీసు ఎత్తేసిన్రని ఈడ అందరు అంటున్నరు,” అంది కోసి.

గంగమ్మకు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది.

“తిన్నవా?”

కోసి ఏదో చెప్పింది.

“పిల్ల తిన్నదా?”

పిల్లకు జ్వరం వచ్చిందట. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచుకున్నారట, ఇప్పుడు తగ్గిందట. ఆ మూడు రోజులూ ఈ నంబరుకే చేయించిందట. గంగమ్మ ఆ మాట విని నా వైపు చూడలేదు. “ఈడ ఫోన్ జర పాడైంది బిడ్డా,” అని మాత్రం చెప్పింది. పిల్లను దగ్గరికి తెమ్మంది. పిల్ల ఊపిరి చప్పుడు వింటూ చాలాసేపు కూర్చుంది. నేను మామూలుగా లైను ఖాళీ చేయమని చేత్తో సైగ చేస్తాను. ఆరోజు చేయలేదు.

మాట అయిపోయాక లేచి కొంగు దులుపుకుంది. మూలనున్న పెట్టెను చూపించింది.

“అది నాకియ్యి అక్కా. కోడిపిల్లలను పెట్టుకుంట. గద్ద ముట్టదు.”

మంచి రేకు. లోహారుకు ఇచ్చిన కూలి వేరే. “తీసుకపో,” అన్నాను. తాళంచెవి కొంగు నుంచి విప్పి అదీ ఇచ్చాను. గంగమ్మ పెట్టెను నెత్తిన పెట్టుకుని మెట్లు దిగి సంతలోకి పోయింది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఎత్తి, ఏ ఊరమ్మా అని అడిగాను.